జయపురం లక్ష ఎవరిది?

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్ళు నిండుతున్నాయని మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పోస్టులు మొదలై చాలా కాలమైంది. 1926 ఏప్రిల్ 26 అని తేదీ, కట్టమంచి రామలింగారెడ్డిగారి ఫోటో, తలపాగాతో రాధాకృష్ణన్‌గారు, వాళ్ళ పక్కన ఒడిశా కోరాపుట్ కొండల్లోని మా జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు. కింద ఎప్పుడూ ఒకటే మాట: "మన రాజుగారు నిలబెట్టిన యూనివర్సిటీ." ఆ కింద వరసగా దండాల బొమ్మలు.

ఈమధ్య ఆ మాట కాస్త ముదిరి వినతిపత్రమైంది. మన రాజు డబ్బుతో నిలబడింది కాబట్టి కోరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల తెలుగు పిల్లల్ని అక్కడ స్థానికుల కింద లెక్కేయాలి అని. కాగితం చేతులు మారుతూ సంతకం కోసం మా దుకాణానికీ వచ్చింది.

మా పిల్లలకి అక్కడ సీటు దొరకడం కష్టమన్నది నిజమే. 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత తేల్చేది ఇంట్లో మాట్లాడే భాష కాదు, వరసగా ఏ ప్రాంతపు బడిలో చదివావన్నది. మా పిల్లలు చదివేది ఒడియా మీడియం, పరీక్ష రాసేది ఒడిశా బోర్డు. విశాఖలో చుట్టాల ఇళ్ళు అరడజను ఉన్నా ఫారం మీద మాత్రం నాన్-లోకలే. కొండ దిగి సాలూరు దాటితే చాలు, పరాయివాళ్ళం.

కాబట్టి కోరికతో నాకు పేచీ లేదు. పేచీ అంతా "మన రాజు డబ్బు" అన్న కారణంతోనే. అందులో "మన" అన్నదీ నిలవదు, "రాజు డబ్బు" అన్నదీ నిలవదు.

ఏటా లక్ష

ముందు రాజుగారికి ఇవ్వాల్సింది ఇద్దాం. విక్రమదేవ వర్మగారు గద్దెనెక్కింది 1931లో, అరవై దాటాక. అంతకుముందు చాలాకాలం విశాఖపట్నంలోనే పండితుల మధ్య గడిపిన మనిషి. తెలుగులో రాశారు, ఒడియాలో రాశారు, సంస్కృతం వచ్చు. బెజవాడలో మొదలైన విశ్వవిద్యాలయం అప్పటికి విశాఖలోని వాల్తేరు కొండ మీదికి వచ్చి ఏడాది కూడా సరిగ్గా కాలేదు. శాసనోల్లంఘన ఉద్యమం మీద ప్రభుత్వం చేస్తున్న దమనకాండకి నిరసనగా రామలింగారెడ్డిగారు వైస్ చాన్సలర్ పదవి వదిలేశారు, ఆ కుర్చీలోకి రాధాకృష్ణన్‌గారు వచ్చారు. ఎక్కడ పెట్టాలన్న తగాదా కూడా పూర్తిగా చల్లారలేదు. బెజవాడ వాళ్ళు బెజవాడన్నారు, రాజమండ్రి వాళ్ళు రాజమండ్రన్నారు, సీమ వాళ్ళయితే మాకు మద్రాసే మేలన్నారు. ఊళ్ళు పట్టుపట్టాయి గానీ సైన్సు కాలేజీ కట్టేంత డబ్బు ఏ ఊరి దగ్గరా లేదు.

ఆ సమయంలో జయపురం నుంచి ఏటా లక్ష రూపాయలు వస్తాయని మాట వచ్చింది. 1932లో మొదలైన సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు: జయపురం విక్రమదేవ కాలేజ్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ. తర్వాతి కాలంలో టి.ఆర్.శేషాద్రిగారి రసాయనశాస్త్రం, భగవంతంగారి భౌతికశాస్త్రం వెలిగింది ఆ నీడనే. మన బరంపురంలో పుట్టిన కె.రంగధామరావుగారు స్పెక్ట్రోస్కోపీ ప్రయోగశాలని పెంచింది కూడా అక్కడే. ప్రభుత్వ గ్రాంటు కోసం దరఖాస్తులు పెట్టుకునే రోజుల్లో ఏటా తప్పకుండా వచ్చే లక్ష అంటే మాటలు కాదు. తులం బంగారం ముప్ఫై రూపాయల దరిదాపుల్లో ఉన్న కాలం అది.

ఇంకో అంకె కూడా చూడాలి. 1803 శాశ్వత శిస్తు నిర్ణయంలో జయపురం జమీందారీ మీద ఈస్టిండియా కంపెనీ వేసిన పేష్కష్, అంటే జమీందారు పైకి కట్టాల్సిన కప్పం, ఏడాదికి 16 వేలు. ఎస్టేటు విస్తీర్ణం పదివేల చదరపు మైళ్ళ దరిదాపు. అంటే ఇవాళ్టి కోరాపుట్, మల్కనగిరి, నవరంగపూర్, రాయగడల్లో చాలాభాగం. పైకి కట్టాల్సింది అంత కొంచెం, కిందనుంచి వచ్చేదానికి అలాంటి శాశ్వతపు హద్దేమీ లేదు. ఆ రెంటికీ మధ్య మిగిలినదాంట్లోంచి వచ్చిందే వాల్తేరు లక్ష.

కిందనుంచి ఎలా వచ్చేదో మా కొండల్లో ముసలివాళ్ళకి తెలుసు. ఊరి శిస్తు వసూలు హక్కు ముస్తాజరుకి ఇచ్చేవారు. రాజుకి కట్టాల్సింది కట్టి, పైన ఎంత గుంజుకుంటే అంత అతనిది. డబ్బు కాక వెట్టి ఉండేది. దొర వస్తే సామాను మోయాలి, దారి బాగుచేయాలి, పల్లకీకి భుజం పెట్టాలి. అడవిలో సాలు చెట్లు కొట్టి రైలు పట్టాల కింద స్లీపర్లుగా పంపితే వచ్చిన డబ్బు ఎస్టేటుది, అదే అడవిలో పోడు కొట్టుకున్నవాడిది నేరం. కంధులు, పరజలు, గదబలు, భూమియాలు, సవరలు కట్టిన శిస్తు అది. వాళ్ళలో చాలామంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగు కాదు.

అందుకే "మన రాజు" అని తెలుగువాళ్ళూ "ఆమ రాజా" అని ఒడియావాళ్ళూ లాక్కోవడం చూస్తే నాకు విసుగు. ఆయన తెలుగువాళ్ళ విశ్వవిద్యాలయానికి డబ్బిచ్చారు, ప్రత్యేక ఒడిశా కోసమూ నిలబడ్డారు. జయపురంలో ఆయన పేరున్న కాలేజీ ఈమధ్యే, 2023లో, విక్రమదేవ్ విశ్వవిద్యాలయమైంది. ఇటు ఒక విశ్వవిద్యాలయానికి పేరు, అటు ఒక సైన్సు కాలేజీకి పేరు. రెండు చోట్లా శిస్తు కట్టినవాడి పేరు లేదు.

మా మావయ్య ఒప్పుకోలేదు

రాయగడలో మా మావయ్య ఉన్నారు. చరిత్ర లెక్చరరుగా రిటైరయ్యారు. వినతిపత్రం ముసాయిదా ఆయనదే. ఇదంతా చెప్తే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ కళ్ళజోడు దిగిందంటే క్లాసు మొదలైనట్టే.

"ఏటి, రాజుగారి డబ్బు రాజుగారిది కాదంటావా? మరి మైసూరు మహారాజుది? కాశీ విశ్వవిద్యాలయానికి చందాలిచ్చిన రాజులవి? నిజాముది? రైతుల దగ్గర పిండని రాజు ఎక్కడున్నాడు చెప్పు. అలాగయితే దేశంలో ఒక్క యూనివర్సిటీకీ గోడ మిగలదు."

"గోడ పడగొట్టమనలేదు మావయ్యా. థాంక్స్ ఎవరికి చెప్పాలో సరిగ్గా చెప్పమంటున్నాను."

"థాంక్స్ ఇచ్చినవాడికే చెప్తారు. అప్పట్లో జమీందార్లు డబ్బు దేనికి తగలేశారో తెలుసా? గుర్రప్పందేలకి, భోగం మేళాలకి, మద్రాసులో దావాలకి. ఆ లక్ష ఈయన కూడా అలా తగలేసి ఉంటే నీ పరజా రైతుకి ఒరిగేదేటి? శిస్తు ఎలాగూ కట్టేవాడు. డబ్బు రైతుదే, కానీ దాన్ని చదువు వైపు తిప్పిన బుద్ధి రాజుది. దానికే దండం."

ఈ వాదనకి నా దగ్గర గట్టి జవాబు లేదు. చాలారోజులు ఆలోచించాను, ఇప్పటికీ లేదు. నిజంగానే ఆయన ఇవ్వకపోయినా కొండరైతు బతుకు ఒక్క రవ్వ బాగుపడేది కాదు. ఇవ్వాలన్న నిర్ణయం ఆయనదే, దాని గొప్ప ఆయనకే దక్కాలి. దీంట్లో మావయ్యకే మార్కులు.

అయితే గొప్ప వేరు, బాకీ వేరు. గొప్ప రాజుగారికి చెల్లింది. పేరు పెట్టారు, బిరుదులిచ్చారు, ఫోటోకి దండ వేశారు. విశ్వవిద్యాలయం ఈ కొండలకి బాకీ అంటూ ఉంటే అది డబ్బు పుట్టిన ఇంటికి తీరాలి. రాజు మాట్లాడిన భాషల్లో ఒకటి మన ఇంట్లో కూడా వినిపిస్తుంది కదా అని ఆ బాకీ మనకి బదిలీ కాదు. మావయ్య వినతిపత్రం చేస్తున్నది ఆ బదిలీయే.

ఇంకొంచెం ముందుకెళ్ళి చేదు మాట కూడా అనాలి. మా తాతలు ఈ కొండలమీదికి ఎందుకు వచ్చారు? వ్యాపారానికి. ఉప్పు, పొగాకు, గుడ్డలు పైకి తెచ్చి చింతపండు, నువ్వులు, అల్లం, వలిసెలు కిందికి పంపారు. అప్పులిచ్చారు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల్లో వడ్డీకీ భూమి బదిలీకీ హద్దులు పెడుతూ చట్టం తెచ్చిందంటే, అది తెచ్చుకునేలా చేసింది మైదానం నుంచి వచ్చిన షావుకార్లు, ఇక్కడ సారా అమ్మే సుండీలు. చిన్న అప్పుకి ఏళ్ళ తరబడి చాకిరీ చేయించుకునే గోతి పద్ధతిని తీసేయడానికి ఒడిశా ప్రభుత్వం 1948లో ప్రత్యేకంగా నిబంధన చేయాల్సివచ్చింది. కొండరైతు శిస్తులో రాజు వాటా ఎంతో, వడ్డీలో మనవాళ్ళ వాటా ఎంతో ఎవరూ లెక్కవేయలేదు. అలాంటి మనం వాళ్ళ శిస్తు పేరు చెప్పి వాల్తేరులో సీట్లు అడుగుతామా?

ఇది విని మావయ్య కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదవడం మొదలెట్టారు. అత్తయ్య లోపల్నించి "టీ పెట్టాను, తాగి తిట్టుకోండి" అంది.

కుందులి సంతలో

మాది ఎరువుల, విత్తనాల దుకాణం. సెమిలిగుడ దగ్గర కుందులి సంతకి వెళ్తుంటాను. కూరగాయలకీ అల్లానికీ పెద్ద సంత అది. విశాఖ నుంచి లారీలు వస్తాయి. ఆడవాళ్ళు తెల్లారకముందే గంపలు దింపి కూర్చుంటారు. వాళ్ళ ముందు కాటా ఉండదు, కాటా వ్యాపారి దగ్గర ఉంటుంది. ఈమధ్య ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి గానీ దాని అంకె కూడా వ్యాపారి వైపే తిరిగి ఉంటుంది.

అక్కడ ఒక పరజా ఆవిడ నాకు చాన్నాళ్ళుగా తెలుసు. అల్లం తెస్తుంది. తెలుగు మాట్లాడలేదు గానీ అంకెలన్నీ తెలుగులో వచ్చు, "తరుగు" అన్న మాట వచ్చు, "రేపిస్తాను" అన్నది కూడా అర్థమవుతుంది. విశాఖపట్నం ఎప్పుడైనా వెళ్ళావా అంటే ఒకసారి వెళ్ళానంది, కేజీహెచ్‌కి, మొగుడికి ఒంట్లో బాగోలేనప్పుడు. మా కోరాపుట్‌లో చాలామందికి విశాఖ అంటే కేజీహెచ్చే.

ఆవిడ కూతురు ప్లస్ త్రీలో, అంటే మా ఒడిశా డిగ్రీలో, కెమిస్ట్రీ ఆనర్స్ చేస్తోంది. సెలవుల్లో తల్లి పక్కన కూర్చుని వ్యాపారి కాగితం మీద రాసినదాన్ని ఫోనులో మళ్ళీ లెక్కవేస్తుంది. వ్యాపారికి అది నచ్చదు. ఒకరోజు యూరియా కోసం వచ్చి, డబ్బులిచ్చాక, ఒడియాలో అడిగింది: వాల్తేరులో ఎమ్మెస్సీ మావాళ్ళకి ఇస్తారా?

నేను అలవాటుగా "మీరు నాన్-లోకల్ అవుతారు" అన్నాను. మా ఇంట్లో వాడే మాట అది, నోట్లోంచి వచ్చేసింది. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. "అయితే భంజ విహార్‌లో రాస్తాను" అని బస్తా ఎత్తించుకుని వెళ్ళిపోయింది. భంజ విహార్ అంటే బరంపురం యూనివర్సిటీ, నేను చదివిందీ అక్కడే. మంచి చోటే. కానీ సెమిలిగుడ నుంచి విశాఖకి బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. బరంపురానికి అలా కాదు.

అక్కడే నాకో సంగతి తట్టింది. వినతిపత్రంలో అడుగుతున్న స్థానికత ఈ పిల్లకి రాదు. "తెలుగు పిల్లలకి" అని రాశారు కదా. అల్లం దుకాణం పెట్టుకున్న మా బావ కొడుక్కి వస్తుంది, అల్లం పండించేవాళ్ళ పిల్లకి రాదు. ఆ కాలేజీకి లక్ష పంపిన ఎస్టేటులో శిస్తు కట్టినవాళ్ళ మునిమనవరాలు ఎవరో చెప్పడానికి చరిత్ర లెక్చరరు అక్కర్లేదు.

దీనికి ఎదురు వాదన నేనే చెప్తాను. కోరాపుట్ పిల్లలకి ఇవాళ దారులు లేకపోలేదు. 2009లో సునాబెడలో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది, సెమిలిగుడకి కూతవేటు. జయపురంలో విక్రమదేవ్ ఉంది. ఒడిశా ప్రభుత్వపు హాస్టళ్ళున్నాయి, స్కాలర్‌షిప్పులున్నాయి. ఇంకా వాల్తేరు ఎందుకు? అటు శ్రీకాకుళం, పాడేరు, పార్వతీపురం ఏజెన్సీ పిల్లలకే చాలినన్ని సీట్లు లేవు, వాళ్ళ నోటి దగ్గరిది లాగి ఇటు పెట్టమంటారా?

లాగమనను. అందుకే 85 శాతం జోలికి వెళ్ళొద్దంటాను. ఆ ఉత్తర్వు వెనక కూడా పెద్ద కొట్లాటలు ఉన్నాయి, మన వాట్సాప్ గ్రూపు ముచ్చటకి అది కదలదు, కదలకూడదు కూడా. కానీ విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్యార్థుల కోసం మంజూరైన సీట్లకి పైన అదనపు సీట్లు వేస్తారు. ఎక్కడెక్కడినుంచో పిల్లలొచ్చి బీచ్ రోడ్డు మీద ఫోటోలు తీసుకుంటున్నారు. అలా పైన వేసే సీట్లు ఓ నాలుగైదు, పాత జయపురం ఎస్టేటు ఊళ్ళ ఆదివాసీ పిల్లలకి, భాష అడక్కుండా, ఫీజు లేకుండా, సైన్సులో. ఇంతే. ఎవరి నోటి దగ్గరిదీ లాగక్కర్లేదు.

సునాబెడ ఉంది కదా అన్నదానికి ఇంకో జవాబుంది. ఢిల్లీ వాళ్ళు సునాబెడలో యూనివర్సిటీ పెడితే వాల్తేరు బాకీ ఎలా తీరినట్టు? నా అప్పు పక్కింటాయన కడితే నేను ఆయనకి రుణపడతాను గానీ నా అప్పు పోయిందని మీసం మెలేయను.

అదే 1942లో

విశ్వవిద్యాలయం చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం వలస. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులేశాయి. కాంపస్‌ని సైన్యానికి అప్పజెప్పి, విశ్వవిద్యాలయం మూటాముల్లె సర్దుకుని గుంటూరు పోయింది. యుద్ధమయ్యాక 1946లో తిరిగి కొండెక్కింది. పరికరాలు, పుస్తకాలు, పరీక్షలు అన్నీ మోసుకుంటూ నడిచిన కథ. అక్కడి పాతవాళ్ళు ఇది చెప్పేటప్పుడు గొంతులో ఒక పొగరు ఉంటుంది. ఉండాలి కూడా.

అదే ఏడాది ఆగస్టు 21న మత్తిలిలో పోలీసులు కాల్పులు జరిపారు. మత్తిలి ఇప్పుడు మల్కనగిరి జిల్లా, అప్పుడు జయపురం ఎస్టేటు. క్విట్ ఇండియా ఊరేగింపుని నడిపించినవాడు తెంతులిగుమ్మకి చెందిన లక్ష్మణ నాయక్, భూమియా రైతు. ఒక ఫారెస్టు గార్డు చావుని ఆయన మీద మోపి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. ఆ ఊరేగింపులో నడిచినవాళ్ళు తెల్లదొరకి మాత్రమే కాదు, శిస్తుకీ వెట్టికీ కూడా ఎదురు తిరిగినవాళ్ళు.

ఈ రెండు కథలూ నేను రెండు వేర్వేరు పుస్తకాల్లో చదివాను. రెండిట్లోనూ జయపురం ఉంది. గుంటూరు చేరిన సైన్సు కాలేజీ పేరు జయపురానిది, మత్తిలి రైతు కట్టిన శిస్తూ జయపురానిదే. కానీ ఒక పుస్తకంలోవాళ్ళు రెండో పుస్తకంలోకి తొంగిచూడరు. నూరేళ్ళ పండగ అంటే కనీసం ఒకసారి రెంటినీ ఒకే బల్ల మీద పెట్టడానికి వీలైన సందర్భం. పండగలో చేదు ఎందుకండీ అని మా గ్రూపులో ఒకాయన అన్నారు. ఉగాది పచ్చడి తినే జాతి మనది, ఆ మాట మనం అనకూడదు.

గిడుగువారి సంగతి

ఈ సరిహద్దులో రాజు కాని దాత ఒకాయన ఉన్నారు, పర్లాకిమిడి మేష్టారు గిడుగు రామమూర్తి పంతులుగారు. తెలుగువాళ్ళకి ఆయన వాడుకభాష పిడుగు, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. సవరల కోసం చేసిన పని ఆ వెలుగులో వెనకపడిపోయింది. రాజావారి బళ్ళో జీతానికి చరిత్ర చెప్పుకునే మనిషి, సవర మాట్లాడేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే బళ్ళు పెట్టారు. సవర వ్యాకరణం, సవర నిఘంటువు రాసేదాకా వదల్లేదు. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకి కళాప్రపూర్ణ ఇచ్చింది.

కళాప్రపూర్ణ అనేది వాల్తేరు సంప్రదాయాల్లో నాకు గౌరవమున్నది. డిగ్రీ లేని పండితుణ్ణి కూడా పిలిచి పెద్దపీట వేసే అలవాటు అది. కానీ గిడుగువారి విషయంలో చూడండి, మావాళ్ళు ఆయన్ని కూడా వినతిపత్రంలోకి లాక్కొచ్చారు. "పర్లాకిమిడి గిడుగువారి గడ్డ, కాబట్టి తెలుగు పిల్లలకి..." అని. ఆయన సొంత డబ్బు పెట్టింది తెలుగు పిల్లలకి కాదు కదా! ఆ వాక్యం మీద నేను పెన్నుతో గీత గీసేశాను, మావయ్య కూడా ఏమీ అనలేదు.

గిడుగువారి దారి మీద నాకున్న ఆశ కాస్త అత్యాశే. వాల్తేరులో భాషాశాస్త్ర విభాగం ఉంది, మానవశాస్త్ర విభాగం ఉంది. అరకు దాటి పరిశోధనకి వచ్చే పిల్లల్ని నేను చూస్తూనే ఉంటాను. భుజాన సంచి, చేతిలో ప్రశ్నల పత్రం, రెండో రోజుకి కడుపునొప్పి. మా దుకాణంలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు అడుగుతారు. మంచి పిల్లలే, కష్టపడతారు. కానీ కొండమీదివాళ్ళు ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నల పత్రానికి జవాబులు చెబుతున్నారు, ప్రశ్నలు రాసేవాళ్ళలో వాళ్ళ పిల్లలు ఎంతమంది? సవర, గదబ, పరజి మాట్లాడే ఇంటినుంచి వచ్చిన పిల్ల ఆ భాష మీదే పని చేస్తే అది ఎలా ఉంటుందో చూడాలని ఉంది. పైన చెప్పిన అదనపు సీట్లలో ఒకటి కెమిస్ట్రీకి బదులు అటు పోయినా నాకు అభ్యంతరం లేదు.

కాగితం ఎక్కడిదాకా వచ్చింది

గ్రూపులో నన్ను తిట్టినవాళ్ళు తిట్టారు. "సొంతవాళ్ళకి అడగడం మానేసి ఊరందరికీ అడుగుతావా" అని ఒకరు. "ఆదివాసీ పిల్లల సంగతి వాళ్ళ ఎమ్మెల్యేలు చూసుకుంటారు" అని ఇంకొకరు. ఒకాయన వాదన మాత్రం నన్ను ఆపింది. తెలుగు వాళ్ళం ఇక్కడ ఎలాగూ తగ్గిపోతున్నాం, తెలుగు మీడియం బళ్ళు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, పిల్లలకి లిపి రాదు. వాల్తేరుతో ఆ ఒక్క దారం కూడా తెగిపోతే మన భాష ఈ కొండమీద ఇంకో తరం నిలవదు. ఆయన చెప్పింది నిజం. మా అమ్మాయి తెలుగు గలగలా మాట్లాడుతుంది, శుభలేఖ మాత్రం చదవలేదు.

దానికి నా సమాధానం ఒక్కటే. తెలుగు కోసం అడగాల్సింది వేరే అడుగుదాం, గట్టిగా అడుగుదాం. దూరవిద్యలో తెలుగు సర్టిఫికెట్ కోర్సు, వేసవిలో కాంపస్‌లో సరిహద్దు పిల్లలకి లిపి నేర్పే శిబిరం, మన బళ్ళలో మిగిలిన తెలుగు మేష్టర్లకి శిక్షణ. భాష పేరుతో భాషే అడుగుదాం. రాజుగారి లక్ష పేరుతో మాత్రం మన ఇంటి పిల్లలకి కెమిస్ట్రీ సీటు అడగొద్దు.

చివరికి మావయ్యే రెండు కాగితాలు చేద్దామన్నారు. మొదటిది తెలుగు గురించి, పైన చెప్పినవన్నీ అందులో. రెండోది అదనపు సీట్ల గురించి. అందులో ఎవరి సంతకం ముందుండాలన్న దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. సంఘం అధ్యక్షుడి సంతకం ముందుండాలని సంఘం, కుందులి, నందపూర్ వైపు పిల్లల సంతకాలు ముందుండాలని నేను. వాళ్ళని అడక్కుండా వాళ్ళ పేరుమీద మనం ఉత్తరం రాయడమేమిటని మావయ్య ఇద్దరినీ తిట్టారు. నేను అంతదూరం ఆలోచించలేదు. ఆయన చెప్పాక రెండో కాగితం ఒడియాలోకి మార్పించాను, కెమిస్ట్రీ పిల్లకి ఇచ్చాను. చదివి, "విక్రమదేవ" అన్న పేరు దగ్గర ఆగి, ఈ పేరు తీసేసి లక్ష్మణ నాయక్ పేరు పెడితే సంతకం చేస్తానంది. సంఘం మీటింగులో అదే ఇప్పుడు ఎజెండా. మావయ్య పేరు మార్చడానికి ఒప్పుకోవడం లేదు.